వీధికి వీపు పెట్టిన ఇల్లు

వనపర్తిలో సున్నపుబట్టి బస్తీ నాగేంద్రమ్మ నోరు ఎలాంటిదో తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఆ ఊరికి నిన్నో మొన్నో వచ్చినవాళ్లై ఉండాలి. కూరగాయల బండివాడు ఆమె వాకిలి దగ్గరపడుతుంటేనే పుచ్చు వంకాయలు తనే ఏరి పక్కన పెట్టుకుంటాడు. నల్లా రాని రోజున మున్సిపాలిటీ వాళ్లు ముందు ఆమె సందుకు ట్యాంకరు పంపి, పైపు ఎక్కడ పగిలిందో తర్వాత తీరిగ్గా వెతుక్కుంటారు. అలాంటి నాగేంద్రమ్మ, ఆ సోమవారం నాడు, బస్తీ బస్తీ అంతా చూస్తుండగా, తన పొయ్యి ఆర్పేసే కొత్త ఇళ్ల పటానికి "శాన మంచిగున్నది సారూ" అని నిండు నోటితో చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, చప్పట్లు కూడా కొట్టింది.

ఎట్లా ఉందని అడిగింది ఊరి మనిషైతే అక్కడికక్కడే కడిగేసేది. అడిగింది చుట్టంగా వచ్చిన మనిషి. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ చుట్టం వచ్చింది కెన్యా నుంచి. మన దేశంలో కొన్ని చిన్న పట్నాలూ, ఆఫ్రికాలో కొన్ని చిన్న పట్నాలూ చేతులు కలిపి, పేదవాళ్లకు చల్లగా, చౌకగా, నేలకూ నీళ్లకూ చేటు చేయకుండా ఇళ్లు ఎట్లా కట్టాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. బస్తీవాళ్లు మాత్రం 'పొత్తు పని' అనేశారు. పొత్తుకు సేద్యం చేసిన కుటుంబాల వాళ్లు, వాళ్లకు ఆ మాట చాలు. ఆ పొత్తులో భాగంగానే సున్నపుబట్టి బస్తీ రేకుల ఇళ్లు తీసేసి, పక్కనున్న ఖాళీ జాగాలో కొత్త ఇళ్లు కట్టాలని తేలింది. అక్కడినుంచి వచ్చినామె పేరు అకిన్యి. సముద్రమంత సరస్సు ఒడ్డున ఉన్న పట్నంలో పేదల ఇళ్ల సంఘానికి పెద్ద. వయసు అటూ ఇటుగా నాగేంద్రమ్మదే. తలకు నెమలిరంగు గుడ్డ చుట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ రెండు చేతులూ అందించే మనిషి. వచ్చిన రెండో పూటకే బస్తీ ఆమెను 'అక్కినమ్మ' చేసేసుకుంది.

సోమవారం మీటింగులో మున్సిపాలిటీ ఇంజనీరు శ్రవణ్ కుమార్, అట్టతో చేసిన కొత్త కాలనీ బొమ్మను పెళ్లిపందిట్లోకి అరివేణి కుండ తెచ్చినంత భద్రంగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మంచివాడు పాపం. ఆ పటం మీద ఎన్ని రోజులు కూర్చున్నాడో అతని కళ్ల కింది నలుపే చెబుతోంది. మట్టి ఇటుకల మందపాటి గోడలు, ఎండాకాలం ఫ్యాను అక్కర్లేనంత చల్లదనం, వాననీళ్లు పట్టే తొట్లు, మధ్యలో అందరికీ ఒక తోట.

"ఇండ్ల మొఖాలన్నీ తోట దిక్కు. రోడ్డు దిక్కు మొత్తం గోడనే," అన్నాడు. "దుమ్ము రాదు, మోటార్ల లొల్లి రాదు. కట్టెల పొయ్యి లేదు కాబట్టి పొగ గూడ లేదు."

సంఘాల ఆఫీసులో పనిచేసే తేజస్విని దాన్ని అకిన్యికి ఇంగ్లీషులో చెప్పింది. అకిన్యి తల ఊపి, జనం వైపు తిరిగి ఏదో అడిగింది.

"మీకు నచ్చిందా అని అడుగుతుంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పుండ్రి అంటుంది," అంది తేజస్విని.

హాలంతా నాగేంద్రమ్మ మొహం చూసింది. నాగేంద్రమ్మ అకిన్యి మొహం చూసింది. అంత దూరం నుంచి, సముద్రం దాటి వచ్చి, మన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మన చాయ్ తాగి, మన కోసం అడుగుతోంది. ఆ మొహం మీద పెట్టి వద్దని ఎవరంటారు? పాలమూరులో పుట్టినవాళ్లెవరూ అనలేరు. అందుకే "శాన మంచిగున్నది" అంది. ఆ వెంటనే హాలు నలుమూలలా "మంచిగున్నది, మంచిగున్నది" అని వాన కురిసినట్టు కురిసింది. చప్పట్లు మోగాయి. నాగేంద్రమ్మ కూడా కొడుతూ కొడుతూ బొమ్మ మీదికి వంగి, తన ఇల్లు ఎక్కడొస్తుందో, ఆ ఇంటి ముందు తను పొయ్యి ఎక్కడ పెట్టుకుంటుందో వెతికింది. రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

ఆమెది జొన్నరొట్టెల బేరం. గోపాల్‌పేట రోడ్డు మీద, తన రేకుల ఇంటి ముందు, పొద్దు వాలగానే కట్టెల పొయ్యి వెలిగిస్తుంది. ఉడుకు నీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద టపటపా తడుతుంటే ఆ చప్పుడే బోర్డు, ఆ చప్పుడే పిలుపు. ఆటోవాళ్లు, హాస్టలు పిల్లలు, దవాఖానకు వచ్చి బస్సు తప్పిపోయిన ఊళ్లవాళ్లు, అందరూ నిలబడి చూస్తుండగా రొట్టె పొంగాలి. పొంగిన రొట్టె ఆవిరితోనే చేతిలో పడాలి. ఇల్లు గడిచింది ఆ పొయ్యి మీదే. పుణెలో, బొంబాయిలో అపార్ట్‌మెంట్లు లేపిన మేస్త్రి దశరథం మోకాళ్లు పట్టేసి ఇంటికి వచ్చేశాక, ఆ పొయ్యే ఆ ఇంటి పెద్ద.

"మరి కొత్తింట్ల రొట్టెలు యాడ చేస్తవే?" అని అడిగాడు దశరథం, ఆమె ఇంటికి రాగానే.

"గదే కదనయ్యా నేను మొత్తుకునేది! రోడ్డు దిక్కు గోడంట. తలుపు తోట దిక్కంట. తోటల ఎవడొస్తడు రొట్టెలు కొనెతందుకు, సీతాకోకచిలుకలు వస్తయా?"

"గ్యాసు మీద చేసి..."

ఆ మాటకు నాగేంద్రమ్మ చూసిన చూపుకు దశరథం మిగతా వాక్యాన్ని మింగేసి, చెంబు తీసుకుని నీళ్లు తాగే నెపంతో బయటికి జారుకున్నాడు. ఆ హాల్లో అతనూ "మంచిగున్నది" అన్నవాడే.

పక్కింటి ముత్యాలమ్మ కుట్టుమిషను తొక్కుతూనే అంతా వింది. కిటికీలోంచి తల పెట్టి, "మొగమాటానికి పోతే కడుపైందంట. గట్లున్నది అక్కా నీ కథ," అంది.

"నువ్వు గూడ అన్నవు కదనే మంచిగున్నదని?"

"నువ్వు అన్నవని అన్న. నీ నోరే మూతవడితె మా నోర్లు యాడ తెరుస్తయి?"

ఆ మాట ముల్లులా దిగింది. నిజమే. తన పొయ్యి ఒక్కటే కాదు, ముత్యాలమ్మ కుట్టుమిషను కూడా రోడ్డు దిక్కు కిటికీ పక్కనే ఉంది. ఆ కిటికీలో వేలాడే జాకెట్లు చూసే కదా జనం ఆగేది!

"పోయి సారుకు చెప్పు. శుక్రారం పెద్దసార్లు వచ్చి సంతకాలు పెడతరంట. అటెనక ఎవలికి చెప్పినా దండుగ," అంది ముత్యాలమ్మ.

"ఎట్ల చెప్తనే? అక్కినమ్మ ముందల ఒక మాట, ఎనక ఒక మాటనా? నాది నాలికనా, తాటిమట్టనా?"

అదీ సంగతి. మాట తిప్పుకుంటే పరువు పోతుంది, తిప్పుకోకపోతే పొయ్యి పోతుంది. కక్కలేక మింగలేక రెండు రోజులు రొట్టెలు తట్టింది. ఆ రెండు రోజుల రొట్టెలు తిన్న ఆటోవాళ్లు కూడా, ఏమైందో ఏమో, రొట్టె బాగాలేదని మాత్రం అనలేదు. వాళ్లదీ పాలమూరే.

గురువారం పొద్దున అకిన్యి ఒక చిత్రమైన పని మొదలుపెట్టింది. "మా దగ్గర పటం చూసి ఇల్లు ఒప్పుకోం. ముందు బట్టతో కట్టి, అందులో తిరిగి చూసుకుంటాం. తర్వాతే ఇటుక," అని తేజస్విని చేత చెప్పించింది. కొత్త కాలనీ వచ్చే ఖాళీ జాగాలోనే, అసలు ఇల్లు ఎంత పొడవో అంత పొడవు, ఎంత ఎత్తో అంత ఎత్తు, కట్టెలూ చీరలతో ఒక ఇల్లు నిలబెట్టాలి. ముఖం తోట రాబోయే దిక్కుకు, వీపు గోపాల్‌పేట రోడ్డుకు, అచ్చం పటంలో ఉన్నట్టే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బట్టతో కట్టి చూడమని వాళ్లకు తోచలేదు కానీ, తోచి ఉంటే ఆ రెండూ ఒకే రోజు జరిగినట్టు ఉంటుందని కూడా చెప్పేవాళ్లు. బస్తీ ఆడవాళ్లందరూ పెట్టెలు తెరిచి చీరలతో దిగారు. ఎవరి చీర ఏ గోడ అవ్వాలన్న దాని మీద మొదలైంది పంచాయతీ. దేవుడి అర్రకు తన గద్వాల చీరే కట్టాలని ముత్యాలమ్మ, పడమటి ఎండకు మాత్రం దాన్ని చూపనని కూడా ముత్యాలమ్మే. స్నానాల గదికి చీర ఇవ్వడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి దశరథం లుంగీ రెండు పరదాలై ఆ గౌరవం దక్కించుకుంది. దశరథం మోకాళ్ల సంగతి మరిచి కట్టెలు పాతాడు. దారానికి గుండు కట్టి ప్రతి కట్టె నిటారుగా ఉందో లేదో చూశాడు.

"బట్ట గోడకు గుండెందుకు మామా?" అని తేజస్విని నవ్వితే, "గోడ ఏదైనా గోడనే బిడ్డా," అన్నాడు.

మధ్యాహ్నానికి ఇల్లు లేచింది. ఎరుపు, పసుపు, పచ్చ, జరీ అంచుల గోడలతో, గాలికి బుగ్గలు పూరిస్తూ, అలాంటి ఇల్లు వనపర్తి రాజులు కూడా కట్టి ఉండరు. ఆడవాళ్లు గదుల్లో గుంపులుగా తిరిగారు. లేని కిటికీ తెరిచారు, లేని మంచం మీద ఎవరు ఎటు తలపెట్టుకోవాలో వాదించుకున్నారు. నాగేంద్రమ్మ కూడా నవ్వుతూనే తిరిగింది. వంటగది అని గీత గీసినచోటికి వచ్చి నిలబడింది. రెండు చేతులు చాపితే అటూ ఇటూ చీరలు తగిలాయి. ఆ చీర గోడకు అవతలే ఆటోల చప్పుడు వినిపిస్తోంది. రోడ్డు అంత దగ్గర ఉండీ కనపడలేదు. అయినా నవ్వుతూనే బయటికి వచ్చింది.

ఇల్లు లేపినవాళ్లను ఉత్త కడుపుతో పంపితే ఎట్లా? అందరికీ రొట్టెలు చేయడం నాగేంద్రమ్మ వంతుకే వచ్చింది. బట్ట ఇంట్లో నిప్పు రాజేయలేరు. ముందువైపు తోట రాబోయే జాగా అంతా కంపచెట్లు. దశరథం రోడ్డు వారన రాళ్లు పేర్చి పొయ్యి పెట్టాడు. పీటా, పెనమూ, పిండీ అక్కడికే చేరాయి. ఇందులో ఎత్తూ లేదు, జిత్తూ లేదు. ఆమె చేతులు ఎన్నేళ్లుగానో రోడ్డు వైపు చూస్తూ పనిచేసే చేతులు, అంతే.

ఇంటికి ముందువైపు, తలుపు అనుకున్నచోట, శ్రవణ్ కుమార్ కుర్చీలు వేయించాడు. అతిథులు అక్కడ కూర్చుంటారు, రొట్టెలు ఇంటిలోంచి వస్తాయి అని ఏర్పాటు. వెనక నుంచి టపటపా చప్పుడు మొదలైంది. జొన్నరొట్టె కాలే వాసన చీరల మీదుగా వచ్చింది. కుర్చీల్లోని వాళ్లు ఒక్కొక్కరే లేచారు. మొదట ఇంటిచుట్టూ తిరిగి వెళ్లారు. అంతలో ముత్యాలమ్మ, "గింత దూరం ఎవలు తిరుగుతరమ్మా," అంటూ ఇంటిలోపలికి వెళ్లి, వెనక గోడ చీరను చేత్తో పైకెత్తి, అటువైపు దూరింది. ఆమె వెనకే ఇంకొకామె. ఇంకొకాయన. కాసేపట్లో ఆ గోడ చీరను ఎత్తి కట్టెకు చుట్టేశారు. జనమంతా వెనక గోడలోంచే వెళ్లి రోడ్డు వారన పొయ్యి చుట్టూ చేరారు. గోపాల్‌పేట పోయే ఆటో ఒకటి ఆగింది, దాని వెనక ఇంకొకటి. నూరి పెట్టిన పచ్చిమిర్చి కారం, పుంటికూర పప్పు, వంకాయ కూర బస్తీ ఇళ్లలోంచి నడిచి వచ్చేశాయి. ముందువైపు ఖాళీ కుర్చీల మధ్య శ్రవణ్ కుమార్ ఒక్కడే మిగిలి, కొంతసేపు ఇంటిని చూసి, తనూ వెనక గోడలోంచి తల వంచి వచ్చాడు.

అకిన్యి పొయ్యి దగ్గరే గొంతుక్కూర్చుంది. పిండి ముద్ద తీసుకుని తనూ తట్టింది. అది ఆమె చేతిలో చీలికలు పేలికలైంది. అందరూ పడీపడీ నవ్వారు, ఆమె అందరికన్నా ఎక్కువ నవ్వింది. నవ్వు ఆగాక, నాగేంద్రమ్మ మొహంలోకి చూసి ఏదో అడిగింది.

"అక్కా, ఆ ఇంట్ల నువ్వు యాడ కూసుంటవు అని అడుగుతుంది," అంది తేజస్విని.

ఇంతకన్నా మంచి సమయం వస్తుందా? నోటిదాకా వచ్చిందా మాట. అతిథి కళ్లు, అతిథి చేతికి అంటిన పిండి చూసింది మళ్లీ. "యాడనో ఓ కాడ కూసుంటలే. ఇల్లు మంచిగనే ఉన్నది," అనేసింది. అనగానే తన నాలుకను తనే కొరుక్కోవాలన్నంత కోపం వచ్చింది. ఈ నాగేంద్రమ్మను ఏమనాలో ఎవరికీ తెలియదు.

అకిన్యి చేతులు దులుపుకుంది. ఈసారి నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది. తేజస్విని కూడా ఆగి ఆగి తెలుగు చేసింది.

"మా ఊర్ల నేను చేపలు వేంచి అమ్ముత. మాకు గూడ దూరదేశం నుంచి వచ్చినోళ్లే ఇండ్లు గీసి చూపిచ్చిండ్రు. మంచోళ్లు. మా కోసం మస్తు కష్టపడ్డరు. నచ్చిందా అని అడిగిండ్రు. వాళ్ల మొఖం చూసి, నచ్చింది అన్న. నేనన్ననని అందరన్నరు. గట్టి ఇండ్లు కట్టిచ్చిండ్రు. ఇప్పుడు నా పొయ్యి లోపల, గిరాకి బయట, నడుమల గోడ. పొద్దుందాక వేంచిన చేపలు పొద్దుగూకినంక మేమే తింటం."

పొయ్యి పక్కన నిలబడ్డ ఆటో డ్రైవరు నమలడం ఆపాడు.

"మీ ఊర్ల దిగినకాడికెల్లి మంచిగున్నది, మంచిగున్నది అనే మాటనే వింటున్న. ఆ మాట మా ఊర్ల నేనే శాన సార్లు అన్న. దాని కోసం ఇంత దూరం రాలే."

నాగేంద్రమ్మ ఆ మనిషి వైపు కన్నార్పకుండా చూసింది. రంగు వేరు, భాష వేరు, తలకు చుట్టిన గుడ్డ వేరు. లోపలున్నది మాత్రం తనే. తనకు రేపు రాబోయే బతుకును ముందే బతికి, దాన్ని చెప్పడానికి ఇంత దూరం వచ్చి, నేల మీద గొంతుక్కూర్చుంది. ఇలాంటి మనిషిని నొప్పించకూడదనా తను ఇన్ని రోజులూ అబద్ధమాడింది? అబద్ధం పెట్టడం కన్నా పెద్ద అవమానం ఉంటుందా చుట్టానికి? పెనం మీద రొట్టె మాడుతోంది. జన్మలో రొట్టె మాడ్చని మనిషి, దాన్ని చూడనైనా చూడలేదు.

"నచ్చలే," అంది.

గొంతు చిన్నగా వచ్చింది. అది తన గొంతేనా అన్నట్టు మళ్లీ అంది, ఈసారి తన గొంతుతోనే. "అక్కా, నాకు ఈ ఇల్లు నచ్చలే! గోడలు మంచియే, తోట మంచిదే. గని నేను బతికేది రోడ్డు మీద. ఈ ఇల్లు రోడ్డుకు ఈపు పెట్టి కూసున్నది. ఈ ఇంట్ల నేను రొట్టె తడితె ఇనేటోడు లేడు, కొనేటోడు లేడు. నాకు అటు తలుపు కావాలె. అరుగు కావాలె. పొయ్యి కావాలె. ముత్యాలుకు కిటికి కావాలె!"

తేజస్విని పాపం, అందులో ఏ మాటకు ఎంత చక్కెర వేసి ఇంగ్లీషు చేయాలా అని నోరు తెరిచింది. అకిన్యి ఆమె చేయి పట్టుకుని ఆపేసింది. చెప్పనక్కర్లేదు, ఆమెకు అందిపోయింది. ఒక్క ఉదుటున లేచి, పిండి చేతులతోనే నాగేంద్రమ్మను లేవనెత్తి కావలించుకుని, తన భాషలో కేక పెట్టింది. ఆ కేకకు అర్థం ఎవరికీ తెలియదు కానీ అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరి చేతులూ గాల్లో ఆగలేదు.

శ్రవణ్ కుమార్ మొహం మాత్రం సగం తిన్న రొట్టెలా అయింది. "మరి సోమవారం నాకెందుకు చెప్పలేదక్కా? చప్పట్లు గూడ కొట్టిండ్రు గదా!"

"కొట్టిన సారూ. నా చేతులిరగ."

అతను కట్టెకు చుట్టేసి ఉన్న వెనక గోడ చీర వైపు చూశాడు. దాని కింది నుంచి తనూ వంగి వచ్చిన సంగతి గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆగలేదు. "ఇగ ఇది గోడెట్లయితది, అందరం దీంట్లకెల్లే వస్తిమి," అన్నాడు. చేతిలో రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, వెళ్లి తనే ఒక కట్టె పీకాడు. "దశరథం, ఎంత లోపలికి జరుపుదాం చెప్పు?"

ఆ తర్వాత జరిగిన దాన్ని ఇల్లు కట్టడం అనాలో తిరునాళ్లు అనాలో తెలియదు. వెనక గోడ నాలుగు మూరలు లోపలికి నడిచింది. దాని ముందు నీడ పడే అరుగు వచ్చింది. రోడ్డుకు తలుపు వచ్చింది. తోట వైపు తలుపు ఉండనే ఉంది. నాగేంద్రమ్మ నోరు తెరుచుకోవడంతో బస్తీ నోళ్లన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. "సారూ, దేవుని అర్ర పక్కకే స్నానాల గదా? నచ్చలే!" "కిటికి గింత పైకా, నిచ్చెనేసుకొని చూడాల్నా? నచ్చలే!" "నాక్కూడ నచ్చలే సారూ," అంటూ ఒకాయన వచ్చి, ఏది నచ్చలేదో అడిగితే, ఇంకా చూసుకోలేదన్నాడు. శ్రవణ్ కుమార్ నెత్తి పట్టుకుని పరేషాన్ అవుతూనే, ఒక్కొక్కటీ గీసుకున్నాడు.

పొగ దగ్గర మాత్రం అతను దిగలేదు. "మీ బస్తికి వచ్చినప్పుడల్లా మీ దగ్గు వింటున్న అక్కా. పొయ్యి ఇస్త, పొగ ఇయ్య," అన్నాడు. నాగేంద్రమ్మ, కట్టెల రొట్టెకు పొగే రుచి అని ఎగిరింది. అకిన్యి మధ్యలోకి వచ్చి, చేపల కోసం వాళ్ల ఆడవాళ్లు మట్టితో వేసుకునే పొయ్యి చూపించింది. కట్టె లోపలికే, మంట పైకే, పొగ మాత్రం గొట్టంలోంచి కప్పు దాటి పోతుంది. దశరథంతో కలిసి బురద తొక్కి ఒకటి వేసింది కూడా. రెండు మూడు రోజులకు ఆ పొయ్యి ఆరాక దాని మీద మొదటి రొట్టె పొంగినప్పుడు, నాగేంద్రమ్మ తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"రొట్టెనే," అంది చివరికి. ఆమె నోటి నుంచి అది పెద్ద బిరుదు.

ఆ శుక్రవారం సంతకాలు మాత్రం జరగలేదు. వచ్చిన పెద్దసార్లు బట్ట ఇంట్లో తిరిగి, అరుగు మీద కూర్చుని రొట్టెలు తిని, పటం మార్చి తెమ్మన్నారు. రెండు పట్నాల పొత్తు కాగితాల్లో ఇకనుంచి ఏ కాలనీకైనా ముందు బట్ట ఇల్లు లేపాలన్న మాట కూడా ఎక్కించారు.

అకిన్యి బయల్దేరే రోజున నాగేంద్రమ్మ ఆమె చేయి వదలకుండా, తేజస్వినిని పిలిచి, "మా ఇంటికి దారి చెప్పింది సరే. మరి తన గోడ సంగతేందో అడుగు. ఎందుకు ఊకున్నదంట?" అంది. అకిన్యి తల వంచుకుంది. కట్టించి ఇచ్చినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు చూడడానికి వస్తారట, పగలగొడితే బాధపడతారేమోనట. విని నాగేంద్రమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "నీది గూడ పాలమూరేనానే తల్లీ!" అని అరిచి, పగలబడి నవ్వింది. దశరథం ఆమెకు గోడకు ఎక్కడ కోత పెట్టాలో, పైన ఏ దిమ్మ ఆనించాలో నేల మీద గీసి చూపించాడు. బండి ఎక్కే ముందు, ఆ గోడ పగలగొట్టి తీరతానని అకిన్యి ఒట్టు వేసింది.

వానలు తగ్గి, నేల ఆరి, ఇళ్లకు ముగ్గు పోసే రోజు వచ్చింది. ఆ పొద్దునే తేజస్విని ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అందులో అకిన్యి ఫొటో. ఆమె వెనక గోడలో పెద్ద తలుపు, తలుపు ముందు పొయ్యి, పొయ్యి చుట్టూ జనం, ఆ జనం మధ్య చేప ఒకటి ఎత్తి పట్టుకుని, తలగుడ్డ జారిపోయేలా నవ్వుతోంది. నాగేంద్రమ్మ ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, కళ్లకద్దుకుని, ముత్యాలమ్మకు చూపించి, మళ్లీ లాక్కుని చూసుకుంది.

శ్రవణ్ కుమార్ టేపు పట్టాడు. దశరథం సున్నం గిన్నెతో గీతలు పోస్తూ వచ్చాడు. ఇది అర్ర, ఇది వంటిల్లు, ఇది తోట తలుపు. చివరికి రోడ్డు వైపు నలుపలకల గీత పోసి, "ఇగో, నీ అరుగు," అన్నాడు. తెల్లటి గీతలు, మధ్యలో నల్లటి మట్టి. గోడ లేదు, కప్పు లేదు, పొయ్యి లేదు. నాగేంద్రమ్మ చెప్పులు విడిచి, గీత తొక్కకుండా లోపలికి అడుగుపెట్టి, రోడ్డుకు మొహం పెట్టి బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"లేవే, జనం చూస్తున్నరు," అన్నాడు దశరథం.

"చూడని. చూడనీకే కదా కూసున్నది."

ఇన్నాళ్లూ ఎవరి జాగాలోనో రేకులు కప్పుకుని, ఎప్పుడు లేపేస్తారో తెలియక బతికిన మనిషి. ఇప్పుడు తన పేర రాసిన జాగాలో, ఎవరూ లేపలేని చోట కూర్చుంది. వచ్చేది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు, రెండూ రానిచ్చింది. రోడ్డు మీద పోతున్న గోపాల్‌పేట ఆటో నెమ్మదించింది. డ్రైవరు తల బయటికి పెట్టి, ఖాళీ జాగాలో ఒక్కతే కూర్చున్న ఆమెను చూసి, "ఏం పెద్దమ్మా, రొట్టెలున్నయా?" అని అలవాటుగా కేకేశాడు.

"ఉంటయి బిడ్డా," అంది నాగేంద్రమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "ఈడనే ఉంటయి."